ఎలుకలకు వినపడకుండా

1974 ఏప్రిల్ మొదటి వారంలో నా చేతిలో ఉన్నవి ఇవి: నలభై రీముల తెల్లకాగితం, ఒక కటింగ్ మిషను, పుస్తకాలను అదిమే ఇనుప ప్రెస్సు, ఆరువేల నోటుపుస్తకాలకు ఒక బడి ఇచ్చిన ఆర్డరు, పిల్లప్ప అనే ముసలి బైండరు, ఐదో నెల కడుపుతో ఉన్న భార్య. భార్యను చివర వేయడం తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను లెక్కపెట్టుకున్న వరుస మాత్రం అదే.

చిక్కపేట వెనక సందులో మా ఇల్లు. ముందుగది అంగడి, నడిమింట్లో బైండింగు పని, వెనక వంటిల్లు, దాని పక్కన సరుకు గది. మా నాయన వెంకటగిరియప్ప నిలబెట్టిన వ్యాపారం. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ ఏడు కాగితానికి కరువు. ఎంత పెడతామన్నా బజారులో రీము దొరికేది కాదు. బడిపిల్లల పుస్తకాలకని రాయితీ మీద ఇచ్చే కాగితం కోసం చలికాలమంతా ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ నలభై రీములు తెచ్చుకున్నాను. దానికి ఒక షరతు. రీముకు నూటయాభై చొప్పున ఆరువేల పుస్తకాలు చేరాయని బడి హెడ్‌మేష్ట్రు సంతకం చేసిన చీటీ చూపించాలి. తగ్గితే ఆ కాగితాన్ని దొంగబజారులో అమ్ముకున్నట్టే. మళ్లీ కాగితం రాదు. కాగితం రాకపోతే మా అంగడికి తలుపు తీసి ప్రయోజనం లేదు.

అలా అమ్ముకుని పట్టుబడినవాళ్లందరూ ఒకే మాట చెప్పేవాళ్లు: "ఎలుకలు కొరికేసినాయి సార్." ఆ మాట చెప్పుకుని పేటంతా నవ్వేది. నేనూ నవ్వినవాణ్ణే.

మే ముప్పై ఒకటికి పుస్తకాలు బడికి చేరాలి. పని మొదలుపెట్టిన రోజే పెరట్లో గొడవ వచ్చింది.

పిల్లప్ప మూడు రాళ్ల పొయ్యి మీద డేగిసా పెట్టి మైదా బంక ఉడికిస్తున్నాడు. చివర్లో మైలుతుత్తం పలుకులు నూరి కలపడం ఆయన పద్ధతి. నీలం రంగు రాళ్లు, చూడ్డానికి పటికబెల్లంలా ఉంటాయి కానీ విషం. అది పడితే బంక పులవదు, పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. మా అమ్మ అక్కయమ్మ వంటింటి గడపలో నిలబడి చూసింది.

"ఏమది పిల్లప్పా, నీలంగా?"

"మైలుతుత్తం గదమ్మా. ముప్పై ఏండ్లుగా ఏస్తా ఉండేదే."

"ముప్పై ఏండ్లు ఏసింది సాలు. ఇంట్లో కడుపుతో ఉండే బిడ్డ ఉండాది. ఆ ఆవిరి పీల్చే రెండు కడుపులు పోయినాయేమో, ఎవురికి తెలుసు? ఈసారి నా పెరట్లో విషం ఉడకకూడదు."

నా భార్య సరోజమ్మకు అంతకుముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. ఒకసారి మూడో నెలలో, ఒకసారి ఐదో నెలలో. ఇది మూడోది. దాని గురించి ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

పిల్లప్ప గరిటె ఆపి నా వైపు చూశాడు. "సీనప్పా, తుత్తం లేని బంకంటే మైదా పాయసమే. ఎలుకలకి మనమే ఇస్తరేసి పిలిచినట్ల అవుతాది."

"రెండు నెలల పని పిల్లప్పన్నా. అయింది అయినట్టు బడికి తోలేస్తాం. అవి వాసన పట్టేలోగా సరుకు దాటిపోతాది. ఈసారికి వద్దులే" అన్నాను.

భార్య మీది దిగులుతోనే అన్నాను. ఆ కాలంలో నాకు మేలు కింద రాసుకోదగ్గ పని అదొక్కటే. అక్కడే లెక్క తప్పింది. బడికి సెలవులు, గదులకు తాళాలు. మే ఆఖరు దాకా ఒక్క కట్టా దించుకోం అన్నారు. తయారైన పుస్తకాలన్నీ మా సరుకు గదిలోనే పేరుకున్నాయి.

ఏప్రిల్ చివర్లో అంగడిలో బలపాలు తగ్గుతున్నట్టు కనిపెట్టాను. వారంలో రెండు డబ్బాలు. మూత తీసి ఉన్న మూడో డబ్బాలో ఒక బలపానికి పంటి గాటు ఉంది. నడిమింట్లోకి పట్టుకుపోయి పిల్లప్పకు చూపించాను.

"ఎలుకలు బలపాలు గూడా తింటాయా?"

ఆయన తల ఎత్తకుండా పుస్తకం కుట్టు దారం లాగాడు. "తింటాయప్పా. గాజులేసుకున్న ఎలుకలైతే తింటాయి."

వంటింట్లో గాజుల చప్పుడు ఆగిపోయింది. నేను వెళ్లేసరికి సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నాలుక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"నేనేం చేసేది? పలక వాసన వస్తే నోరు ఊరతా ఉండాది. అత్తకు చెప్పొద్దు. గర్భానికి చెరుపని గలాటె చేస్తాది."

"అంగడివి ముట్టొద్దు. విరిగిపోయినవి ఏరి ఇస్తాలే."

"విరిచే గదా తింటా ఉండేది" అంది. ఆ రెండు నెలల్లో ఆమె నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజు నుంచి పిల్లప్ప ఒక పని పెట్టుకున్నాడు. తాను ఏది తిన్నా, జామపండు కానీ ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె కానీ, చేత్తో రెండుగా విరిచి సగం కాగితంలో చుట్టి వంటింటి పక్క గూట్లో పెట్టేవాడు. "బలపం కంటే ఇది మేలమ్మణ్ణీ" అని కేకేసేవాడు. సరోజమ్మ ఆయనను మామా అని పిలిచేది. ఆయన సగం పెట్టినప్పుడల్లా వచ్చి తీసుకునేది. నా కళ్ల ముందే ఇది జరుగుతుండేది. ఆకలిగా ఉందని నాతో ఎందుకు అనలేదో నేను అడగలేదు.

మా నాయన పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మే నెల పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆయన సాయంత్రం పూట మూల హోటలు నుంచి ఒక మసాలావడ తెచ్చి, కాగితంలో మడిచి, ప్రెస్సు మీద పెట్టి వెళ్లేవాడు. ఎవరికని చెప్పేవాడు కాదు. పెద్దవాడి చేతికి నలుగురిలో తిండి ఇస్తే బిచ్చం వేసినట్టు ఉంటుందని ఆయన అభిప్రాయం. పిల్లప్ప కూడా ఏమీ అనకుండా తీసుకునేవాడు. ఇరవై ఏళ్లు అలా నడిచింది. అంగడి నా చేతికి వచ్చాక నేను ఆపేశాను. కూలి ఇస్తున్నప్పుడు వడలెందుకు అన్నది నా లెక్క. పిల్లప్ప అడగలేదు.

మే పదిహేడు పొద్దున సరుకు గది తలుపు తీస్తే నేల మీద తెల్లటి పొట్టు. పిండి మిల్లులో అడుగు పెట్టినట్టు ఉంది. పైకట్ట నుంచి ఒక పుస్తకం తీశాను. వీపు మీద అంటించిన గుడ్డపట్టీ వేలాడుతోంది. పట్టీ కింది బంకనూ, దాంతోపాటు కుట్టు దారాన్నీ, కాగితం అంచునూ కొరికేశాయి. రెండో పుస్తకం అలాగే ఉంది. మూడోదీ అంతే. అక్కడే కూర్చుని మధ్యాహ్నం దాకా లెక్కపెట్టాను. తయారైనవి ఐదువేల ఏడు వందలు. అందులో కొరికినవి తొమ్మిది వందల పది.

చేతిలో ఒక్క షీటు కాగితం మిగులు లేదు.

పిల్లప్ప వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. 'నేను అప్పుడే చెప్పినా గదా' అంటాడనుకున్నాను. అనలేదు. పుస్తకం తీసుకుని బొటనవేలితో పేజీలు జారవిడిచాడు.

"వీపు మాత్రమే తినింది. అది బంక కోసరం వచ్చింది, కాగితం కోసరం కాదు. వీపు కోసేసి, మళ్ల కుట్టి, కొత్త పట్టీ ఏస్తే బతకతాది. ఏలెడు సన్నమవుతాది, అంతే."

"సన్నమైతే మేష్ట్రు తీసుకుంటాడా?"

"రాసే జాగా తగ్గిందని పిల్లోళ్లు ఏడుస్తారా ఏమన్నా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి పిల్లప్ప తన ఇంట్లో మైలుతుత్తం కలిపి బంక ఉడికించి డబ్బాలో తెచ్చాడు. ఈ ఉపాయం ఏప్రిల్‌లోనే నాకు తట్టి ఉంటే చెప్పుకోవడానికి ఈ కథే లేదు. అమ్మ పెరటికి పెట్టిన అడ్డు ఆయన పెరటికి లేదు కదా. కానీ అప్పటికే తీపి బంకతో అంటించిన పుస్తకాలు గదినిండా ఉన్నాయి. ఎలుకలకు రుచి తెలిసిపోయింది.

బోను పెట్టాను, రెండు పడ్డాయి. పక్కింటివాళ్ల పిల్లిని తెచ్చి గదిలో వేశాను, అది పైకప్పు పెంకులు తోసుకుని పారిపోయింది. పుస్తకాలను నడిమింట్లోకి మార్చాను, ఎలుకలూ వెంట వచ్చాయి, మళ్లీ గదికే చేర్చాను. పిల్లప్ప, అమ్మ, నేను కూర్చుని రోజుకు డెబ్బై పుస్తకాలు బాగుచేసేవాళ్లం. తెల్లవారి చూస్తే కొత్తగా యాభై పాడయ్యేవి. ఇంకా చేయాల్సిన కొత్త పుస్తకాలు మూడు వందలు అలాగే ఉన్నాయి. ఏ రకంగా లెక్క వేసినా మే ముప్పై ఒకటి దాటిపోతోంది. పడుకుంటే గోడ అవతల కరకరమని వినిపించేది. లేచి వెళితే ఆగిపోయేది. వచ్చి పడుకుంటే మొదలయ్యేది. కొన్నాళ్లకు పట్టపగలు అంగడిలో కూర్చున్నా ఆ చప్పుడు నా పళ్లలోనే పుడుతున్నట్టు ఉండేది. సరోజమ్మ ఏదైనా చెప్పబోతే "ఉండు, విననీ" అనేవాణ్ణి. నేను వినాలనుకున్నది ఆమె మాట కాదు.

ఇరవై నాలుగో తేదీ పొద్దున అమ్మ కాఫీ ఇస్తూ మెల్లగా అంది: "చుట్టాలు బాగా ఎక్కువైనారు. ఏదో ఒకటి చూడు."

నాకు అర్థమైంది. మా ఇళ్లలో ఎలుకలకు మందు పెట్టేటప్పుడు పేరెత్తకూడదు. మందు అనకూడదు, ఎలుక అనకూడదు, ఎక్కడ పెట్టామో ఎవరికీ చెప్పకూడదు. చెబితే వాటికి వినపడుతుందట, విన్నదంటే ఇక ముట్టదట. మా నాయన మందు పెట్టిన రోజున ఎక్కడికి వెళ్లావని కూడా అమ్మ అడిగేది కాదు. లెక్కకు అందని దేన్నీ నేను నమ్మను. దీన్ని నమ్మానని కూడా చెప్పలేను. నోరు మూసుకోవడానికి ఖర్చేమీ లేదు, అంతే అనుకున్నాను.

సిటీ మార్కెట్లో నల్లపొడి మందు కొన్నాను. మూల హోటల్లో ఏడు మసాలావడలు తీసుకున్నాను. ఆ పొడికి ఉండే వాసనను వడలోని వెల్లుల్లి కప్పేస్తుంది. సాయంత్రం పిల్లప్ప ఇంటికి వెళ్లాక, సరోజమ్మ మిద్దె మీద ఉన్నప్పుడు, వడలు చీల్చి పొడి పెట్టి మళ్లీ అదిమాను. ఆరు సరుకు గదిలో పెట్టాను. ఆ రోజు బాగుచేసిన పుస్తకాలు ప్రెస్సులో బిగించి ఉన్నాయి, ప్రెస్సు చక్రం మీద ఎలుక పెంటికలు ఉన్నాయి. ఏడోది అక్కడ పెట్టాను. నూనె కారి పుస్తకాలకు మరక పడుతుందని కింద కాగితం వేసి, అంచులు పైకి మడిచాను.

ఎప్పుడూ సరుకు పాడుకాకుండా చూసుకునేవాణ్ణి. అప్పుడూ అదే చూసుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా అంగడిలోకి వెళ్లి కూర్చున్నాను. గంట గడిచి దీపాలు పెట్టే వేళకు లోపలికి వచ్చాను. పిల్లప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డ ఉండగా చుట్టి కడుపుకు అదిమి పట్టుకున్నాడు.

"ఏం పిల్లప్పన్నా, మళ్ల వచ్చినావు?"

"వీపు కోసిన యాభై అట్లనే ఉండాయి గదా. ఇంట్లో కూర్చుంటే చేతులు ఆడలే. పెరటి తలుపు తీసే ఉండాది, దారం ఎక్కించి పోదామని వచ్చినా." మధ్యలో ఊపిరి బిగబట్టి, తర్వాత నవ్వాడు. "మంచి పని చేసినావు సీనప్పా. ప్రెస్సు మీద పొట్లం చూసి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మీ నాయన బుద్ధి నీకూ వచ్చిందనుకుంటి. వెల్లుల్లి ఒకటి ఎక్కువ ఏసినాడు ఆ హోటలోడు. కడుపులో మండతా ఉండాది."

ప్రెస్సు మీద పొట్లం లేదు.

"అంతా తిన్నావా?" అన్నాను.

"అంతా ఎట్ల తింటా? సగం అమ్మణ్ణికి."

వంటింటికి ఎలా వెళ్లానో తెలియదు. సరోజమ్మ పొయ్యి ముందు నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. దవడ కదులుతోంది. ఆమె తల పట్టుకుని వెనక్కి వంచి, దవడలు నొక్కి, రెండు వేళ్లు నోట్లోకి జొనిపాను. ఆమె బెదిరిపోయి కొరికింది. నా వేళ్ల నుంచి రక్తం వచ్చింది. వేళ్లకు అంటుకుని బయటికి వచ్చింది తెల్లటి పొడి.

"బలపమే... బలపమే... ఒకే ఒకటి తీసుకుంటి. అత్తకు చెప్పొద్దు" అని ఏడ్చేసింది. డబ్బాలు తగ్గాయని కొట్టడానికి వచ్చాననుకుంది.

"వడ తిన్నావా? గూట్లో వడ?"

"ఏం వడ? నేను మిద్దె మీద బట్టలు తీసి ఇప్పుడే గదా దిగింది."

గూట్లో కాగితంలో సగం వడ ఉంది. చేత్తో శుభ్రంగా విరిచిన సగం. విరిగిన చోట నల్లగా ఉంది.

అమ్మ ఉప్పునీళ్లు తాగించి కక్కించింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పిల్లప్ప తల నా ఒడిలో ఉంది. సిటీ మార్కెట్ దాటేటప్పుడు కళ్లు తెరిచాడు.

"ఏముండె దాంట్లో?"

"మందు" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.

నా మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత, "అమ్మణ్ణి తినలేదు గదా?" అన్నాడు.

"లేదు."

"అయితే సరే."

మూడు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. పూర్తి వడ తిని ఉంటే ఆ రాత్రే అయిపోయేదని ఒక కుర్ర డాక్టరు చెప్పాడు. నాలుగో రోజు కానిస్టేబులు పుస్తకం పట్టుకుని వచ్చాడు. విషం కేసు, ఎలా జరిగిందో రాసుకోవాలి. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పడానికి నోరు తెరిచాను. పిల్లప్ప ఊరి భాష కన్నడంలో నాకంటే ముందే చెప్పేశాడు: ఎలుకలకని తానే పెట్టాననీ, ముసలితనం వల్ల మరిచిపోయి తినేశాననీ. కానిస్టేబులు నా వైపు చూశాడు.

నోరు మూసుకోవడానికి ఖర్చేమీ లేదని రెండోసారి అనుకున్నాను.

ఆయన వేలిముద్ర వేశాడు. నా పేరు అందులో లేదు.

ఈలోపల మందు పనిచేసింది. సరుకు గదిలో పెట్టిన ఆరింటిలో ఐదు పోయాయి. కట్టల సందుల్లో పదకొండు ఎలుకలు దొరికాయి. చప్పుడు ఆగిపోయింది. అమ్మ చెప్పినట్టు ఎవరికీ వినపడకుండా పెట్టాను, దేనికీ వినపడలేదు. మిగిలిన వారం రోజుల్లో రాత్రనక పగలనక సరోజమ్మ, అమ్మ, నేను కూర్చుని కుట్టాం. పిల్లప్ప ముడి ఎలా వేసేవాడో మా ముగ్గురిలో సరోజమ్మకే తెలుసు. ఎదురుగా కూర్చుని చూసేదట. కడుపు అడ్డం వస్తున్నా పక్కకు తిరిగి కూర్చుని కుట్టింది. నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడింది. పిల్లప్పను చూసి వచ్చిన రోజున మాత్రం దారం తెంపుతూ అంది:

"ఒక్క మాట నాతో చెప్పుంటే ఏం పోయుండె?"

"వాటికి వినపడతాదని..."

"వాటి సంగతి సరే. మాకు వినపడకపోతే ఏమవుతాదని ఆలోచన చేయలేదే" అంది. పంటితో ఆ దారం కొరికి ఇంకో పుస్తకం తీసుకుంది.

మే ముప్పై ఒకటి సాయంత్రం ఆరువేలు లెక్క తేలాయి. అందులో పదమూడు వందల పుస్తకాలు వేలెడు సన్నం. హెడ్‌మేష్ట్రు బల్ల మీద రెండు రకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఏమయ్యా, ఇదేమిటి, దీనికి తమ్ముడిలా ఉంది?"

"ఎలుకలు కొరికినాయి సార్."

ఆయన పకపకా నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. నేను సంచిలోంచి కొరికిన పట్టీలు, దారాలు, వీపుల ముక్కలు తీసి బల్ల మీద పోశాను. పోస్తున్నప్పుడు నా వేళ్ల గాటుకు కట్టిన గుడ్డ ఊడింది. మేష్ట్రు నవ్వు ఆపాడు. వేళ్ల వైపు చూసి సంతకం చేశాడు.

పిల్లప్ప జూన్ మధ్యలో పనికి వచ్చాడు. చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. చేతులు మాత్రం మునుపటిలాగే కదిలాయి. బంక మళ్లీ మా పెరట్లోకి రాలేదు, ఆయన ఇంట్లోనే ఉడికింది. వారం చూసి ఒక సాయంత్రం నేను మూల హోటలుకు వెళ్లాను. వడ తెచ్చి, కాగితంలో మడిచి, ప్రెస్సు మీద పెట్టి, మా నాయనలాగే ఏమీ అనకుండా వచ్చేశాను. పొద్దున చూస్తే అక్కడే ఉంది, చీమలు పట్టి. రెండో సాయంత్రం ఇంకొకటి తెచ్చి ఆయన ముందే విరిచి సగం నేను తిన్నాను.

"ఇదో చూడు పిల్లప్పన్నా. తింటా ఉండా."

ఆయన కుట్టడం ఆపి ఓపికగా చూశాడు. "నువ్వేదో చేస్తావని కాదప్పా. నమ్మకం ఉండాది. నోరే తెరుచుకోదు. నేనేం చేసేది?"

"నీ మీద ఒట్టు..."

"ఒట్టేంటికి? నువ్వు తిను. చల్లారిపోతా ఉండాది."

మిగతా సగం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏ గూట్లో పెట్టాలో తెలియలేదు.

ఇప్పుడు 1986. పిల్లప్ప పోయిన ఏడు చనిపోయాడు. లెక్క ముగించే వేళయింది.

నాకు వచ్చినవి: ఆరువేల పుస్తకాలకు సంతకం, మరుసటి ఏడాదికి కాగితం, నిలబడిన అంగడి. ఆ ఆగస్టులో పుట్టిన కూతురు. ఆ పిల్లకు పళ్లు వచ్చినప్పుడు మొదట కొరికింది బలపాన్నే, ఎవరమూ కోప్పడలేదు. పిల్లప్ప చేతి పని ఇంకో పదకొండేళ్లు వచ్చింది. ఆ పదకొండేళ్లలో ఆయన మా ఇంట్లో ఒక మెతుకు ముట్టలేదు. నీళ్లు కూడా సీసాలో ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. పండగకు ఆకు వేస్తే కూర్చుని, చేతులు కడుక్కుని లేచిపోయేవాడు. అయినా జామపండు తెచ్చుకున్న రోజున రెండుగా విరిచి, సగం గూట్లో పెట్టడం మానలేదు. మొదట సరోజమ్మకు, తర్వాత పాపకు. పెట్టడం మానలేదు, మా చేతి నుంచి తీసుకోవడం మానేశాడు. కానిస్టేబులు ముందు నేను తెరిచి మూసిన నోరు కూడా ఖర్చు పక్కనే రాసుకోవాలి. ఆ రోజు ఖర్చు లేదనుకున్నాను. ఈ పన్నెండేళ్లూ లోపల తొలుస్తూనే ఉంది.

ఇప్పటికీ మా సరుకు గదికి ఎలుకలు వస్తాయి. ఇప్పటికీ మందు పెడతాను. పెట్టే ముందు నడిమింట్లో నిలబడి, వీధి వాకిలి నుంచి పెరటి దాకా వినపడేలా అరుస్తాను: "ఎలుకల మందు పెడతా ఉండా! సరుకు గదిలో నాలుగు, తలుపు వెనక ఒకటి! ఎవురూ ముట్టొద్దండి!" ఎనభై ఏళ్ల అమ్మ మంచం మీది నుంచి తల కొట్టుకుంటుంది: "ఒరే, వాటికి వినపడతాది రా!"

విననీ అంటాను. పొద్దున చూస్తే మందు ఉండలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, పుస్తకాలు నాలుగు పాడై ఉంటాయి. అమ్మ మాటే నిజమేమో. గోడ అవతల కరకరమని మళ్లీ మొదలవుతుంది. లేచి వెళ్లను. అవి కొరుకుతున్నాయంటే నా మాట విన్నాయని లెక్క. అవి విన్నాయంటే ఇంట్లో అందరూ విన్నారని లెక్క. నాకు మిగిలింది అదే.